తాలుకాయ రంగు

మా ఊళ్ళో పోయిన మగవాళ్ళందరికీ ఒకటే కోటు. నీలం కోటు, లోపల తెల్లచొక్కా, ఎర్ర చారల టై. బతికినన్నాళ్ళూ లుంగీ ఎగగట్టి పత్తిచేలో మందు కొట్టినవాడు కూడా పెద్దకర్మ నాటికి ఆ కోటు తొడుక్కుని, బ్యాంకు మేనేజరులాగా గోడెక్కి కూర్చుంటాడు. ఆ కోటు నా కంప్యూటర్లో ఉంది. మెడ దాకా సిద్ధంగా ఉంటుంది, పైన తల అతికించడమే నా పని. మా వీధిలోనే ఐదిళ్ళలో అది వేలాడుతోంది. ఒకింట్లో అన్నకీ తమ్ముడికీ రెండేళ్ళ తేడాలో అదే కోటు పడింది. వాళ్ళ చెల్లెలు వచ్చి, "అక్కా, చిన్నన్నయ్యకి టై రంగైనా మార్చక్కా, ఒకళ్ళ గుడ్డలు ఒకళ్ళు కట్టుకున్నట్టుంది" అంది. పచ్చ టై కట్టి పంపాను.

ప్రత్తిపాడులో గుంటూరు రోడ్డు మీద మా ఇంటి ముందుగదే నా షాపు. డిజిటల్ పోర్ట్రెయిట్లు గీస్తాను. పెళ్ళిరోజులకి, పుట్టినరోజులకి, పోయినవాళ్ళకి. ఒక కంప్యూటరు, పలక లాంటి డ్రాయింగ్ ట్యాబ్, దానిమీద గీసే ప్లాస్టిక్ పెన్ను, ఒక ప్రింటరు, గోడకి నమూనాగా నా సొంత బొమ్మ ఒకటి. ఇదీ నా ఆస్తి. గుంటూరులో బీటెక్ చదివాను. "బీటెక్ చదివి బొమ్మలేసుకుంటోంది మా కోడలు" అని మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెబుతుంది. మెచ్చుకోలనుకునేరు, కాదు.

పని గురించి రెండు ముక్కలు చెబుతాను, విసుక్కోకండి. కంప్యూటర్లో బొమ్మని ఒకే కాగితం మీద వెయ్యం. అద్దాల్లాంటి పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. వాటినే లేయర్లంటారు. అడుగున మొహం ఆకారం. దాని మీద వెలుగునీడలు, అంటే ముక్కు పక్కన ఎంత చీకటి, నుదుటి మీద ఎంత వెలుతురు. దీన్ని టోన్ అంటాం. ఆ పైన రంగు. నిజానికి మనిషిని పోల్చుకునేది టోన్‌తోనే. పాత నలుపు తెలుపు ఫొటోల్లో రంగెక్కడుంది? అయినా తాతల్ని పోల్చుకోవడం లేదూ? రంగు మాట ఆ తర్వాతే. కానీ నా షాపుకొచ్చినవాళ్ళలో ఒక్కరు టోన్ గురించి అడిగారని చెప్పండి, చెవి కోసుకుంటాను. అందరిదీ ఒకటే పాట. "కాస్త తెల్లగా చెయ్యండి మేడమ్."

ఆ "కాస్త" ఎంతో ఎవరూ చెప్పరు. రేషన్ బియ్యం ఇంకో పట్టు పాలిష్ వెయ్యమన్నంత తేలిగ్గా అంటారు. ఒక్కో మొహానికీ ఆ కాస్తని ఎక్కడ వెతుక్కోను? అందుకని ఒక లేయరు తయారుచేసి దాచుకున్నాను. లేత గులాబీ, పసుపు, పాలనురుగు తెలుపు కలిపిన పొర. ఏ మొహం మీద పరిచినా ఒక్క నొక్కుతో ఆ మొహం గోధుమపిండి అయిపోతుంది. మొదట పెళ్ళికూతుళ్ళ కోసం చేశాను కాబట్టి దానికి "పెళ్ళికళ" అని పేరు పెట్టుకున్నాను. తర్వాత అది అందరికీ పనికొచ్చింది. ఎనభై ఏళ్ళ ముసలాయన పోతే ఆయనకీ పెళ్ళికళే. దినం నాటి బొమ్మలో ఆయన సిగ్గుపడుతున్నట్టు బుగ్గలు ఎర్రగా ఉండేవి. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కూడా ఇదేంటని అడగలేదు. పైగా "బాగా వచ్చాడు నాన్న" అని మురిసిపోయారు.

పక్కూళ్ళో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి మొహాలు సరిచేసి ఇచ్చాను. ఆయన పక్కనున్న చిన్న నాయకుడు పొరపాటున పెద్దాయనకంటే పిసరు తెల్లగా పడ్డాడు. తెల్లారేసరికి ఫోను. "ఏంటమ్మా, ఆయన వెనకాల నిలబడాల్సినోణ్ణి, ముందుకొచ్చినట్టు కనపడతన్నా. నన్ను బతకనిస్తావా లేదా?" అన్నాడు. ఫ్లెక్సీ దించి, ఆ చిన్నాయన్ని నాలుగు పాళ్ళు నల్లబరిచి, మళ్ళీ కట్టారు. తెలుపుక్కూడా సీనియారిటీ ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు. ఇంకోసారి చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళు గుంపుగా దిగిన ఫొటో తెచ్చారు. పదముగ్గురు మనుషులు, పదమూడు రంగులు. "ఎవరికి ఎంత తెలుపు వెయ్యమంటారు?" అని అడిగాను. వాళ్ళ పెద్దావిడ, "పరలోకంలో అందరం ఒకటే రంగు కదా తల్లీ, ఇక్కడే వేసెయ్" అంది. ఆ మాటకి మాత్రం నాకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు. వేసేశాను.

ఊళ్ళోవాళ్ళని ఆడిపోసుకుంటున్నాను గానీ నేనేం తక్కువ తినలేదు. నేను నల్లపిల్లని. పుట్టినప్పుడు మా నాయనమ్మ చూసి "పిల్ల కళగా ఉందిలే" అందట. మన వైపు ఆడపిల్లని కళగా ఉందన్నారంటే నల్లగా ఉందని అర్థం, తెలియందేముంది. నా పెళ్ళి ఆల్బంలో నా మొహం మైదాపిండి, చేతులు రాగిపిండి. ఎవరి చేతులో తెచ్చి నాకు అతికించినట్టుంటుంది. ఆ మొహాన్నే ఇంకాస్త చెక్కి, పెళ్ళికళ రెండు పూతలు పూసి, షాపులో నమూనాగా తగిలించాను. అది చూసే గిరాకీలు వచ్చేవి.

విడ్డూరం ఏంటంటే, రంగు తెలియనివాళ్ళు మా నేలలో లేరు. మిరపకాయని దూరం నుంచి చూసి ఈ కోతదా, పోయినేడు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన ఏసీ కాయా చెప్పేస్తారు. కాయ ఎర్రగా నిగనిగలాడితేనే దానికి విలువ. కళ్ళంలో ఎండుతున్నప్పుడు మంచు పడో, తేమ తగిలో పాలిపోయి తెల్లబడిందంటే అది తాలు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆ తాలుకాయలన్నీ ఏరి అవతల వేరే కుప్ప పోస్తారు. అంటే కాయ తెల్లబడితే తాలు, మనిషి తెల్లబడితే అందం. రెండు మాటలూ ఒకే నోటితో అంటాం, తడుముకోకుండా. ఇంత కాలం ఈ పనిలో ఉండి నాకూ ఇది తట్టలేదు. తట్టించింది ఒక ముసలావిడ.

కళ్ళాల్లో కాయలు ఎండుతున్న రోజులు. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నాను. పాత తువ్వాల్లో చుట్టిన ఫ్రేమొకటి చంకలో పెట్టుకుని ఒకావిడ లోపలికొచ్చింది. ఆవిడకంటే ముందు మిరప ఘాటు వచ్చింది. నాకు వరసగా మూడు తుమ్ములు. ఆవిడ అవేం పట్టించుకోకుండా ఫ్రేము టేబుల్ మీద పెట్టి, తువ్వాలు లాగేసి, వేలు పెట్టి చూపించింది.

"ఈ కోటాయన ఎవురమ్మాయ్?"

చూడగానే తెలిసింది. నేను చేసిన బొమ్మే. నాలుగేళ్ళ కిందట జబ్బు చేసి పోయిన ఒక కౌలు రైతు. కొడుకు వచ్చి చేయించుకున్నాడు. సెంటర్లో పురుగుమందుల షాపు అతనిది.

"మీ ఆయనే కదా మామ్మా?" అన్నాను.

"మా ఆయన కోటేసుకోటం నువ్వెప్పుడన్నా చూశావా?"

"లేదు."

"నేనూ చూళ్ళా. నలభై ఏళ్ళు కాపరం చేశా. ఈ మెళ్ళో పట్టీ ఏంది, ఈ బుగ్గలేంది? నాలుగేళ్ళ నించీ రోజూ పొద్దున్నే తానం చేసి పరాయి మగాడికి దండేస్తన్నా. ఈ వయసులో నాకెందుకమ్మా ఈ పాపం?"

నాకు నవ్వొచ్చింది. పక్కకి తిరిగి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. గోడ మీద నా నమూనా బొమ్మకేసి చూసి, "ఆ తెల్లపిల్ల ఎవురు? నీ చెల్లెలా?" అంది.

"నేనే."

ఆవిడ బొమ్మని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ బొమ్మని చూసింది. "అయితే నీ మొహం నీకు కూడా తెలీదన్నమాట" అంది.

అక్కడ నాకు ఒళ్ళు మండింది. నా షాపుకొచ్చి నా బొమ్మని వెక్కిరించడమేంటి? "మామ్మా, మీ అబ్బాయే దగ్గర కూర్చుని చేయించుకున్నాడు. కోటు వెయ్యమన్నదీ ఆయనే, తెల్లగా చెయ్యమన్నదీ ఆయనే. మా నాన్న హాల్లో కాస్త నీట్‌గా ఉండాలి మేడమ్ అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత వచ్చి నన్నడిగితే?" అని గట్టిగానే అన్నాను.

"వాడు అడుగుతాడమ్మా. వాడికి హాలు కావాలి. నాకు మనిషి కావాలి." ఆవిడ గొంతు పెంచలేదు. "మొదట్లో ఈ బొమ్మని చూసి నవ్వుకునేదాన్ని. కళ్ళు మూసుకుంటే మా ఆయన ఆయన లాగానే వచ్చేవాడు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఈ కోటాయనే వస్తన్నాడు. మా ఆయన రావట్లా. ఎంత పిలిచినా రావట్లా. మొహం మర్చిపోతన్నానమ్మాయ్. నా మనిషిని నాకు తెచ్చియ్యి."

అదేం పెద్ద పని కాదులే అనుకున్నాను. పైన పరిచిన పెళ్ళికళ పొర ఎత్తేస్తే కింద అసలు మొహం ఉంటుంది. ఆ ధీమాతోనే పాత ఫైలు వెతికి తెరిచాను. ఒకటే లేయరు. పని అయిపోయాక పొరలన్నీ ఒకటిగా కలిపేసి, స్కాన్ చేసిన అసలు ఫొటో కూడా తీసిపారెయ్యడం నాకు అలవాటు. కంప్యూటర్లో చోటు చాలదని. ఎవరొచ్చి అడుగుతారు చచ్చినవాళ్ళ రంగు? ఇప్పుడు ఆ తెలుపు, ఆ మొహం, ఆ కోటు అన్నీ ఒకటే ముద్ద. పప్పులో కలిసిన ఉప్పుని తియ్యగలిగితే దాన్ని తియ్యగలను. కొడుక్కి ఫోన్ చేశాను. అసలు ఫొటో ఇంటికి రంగులేయించినప్పుడు పోయిందన్నాడు. "ఇప్పుడెందుకు మేడమ్ అది? అమ్మకి పనేం లేదా?" అన్నాడు.

"అయితే లేడా?" అంది ఆవిడ.

"లేడు మామ్మా" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాక సిగ్గేసింది. ఆ మనిషిని జబ్బు ఒకసారి తీసుకుపోయింది. రెండోసారి తీసేసింది నేను.

ఆవిడ నేలమీద చతికిలబడి, కొంగుముడి విప్పి, నాలుగు మడతల కాగితమొకటి తీసింది. ఆయన ఆధార్ కార్డు జెరాక్సు. ఆధార్ ఫొటోలో దొంగలా కనపడనివాడు ఈ దేశంలో లేడు. దానికి జెరాక్సు అంటే ఇంక చెప్పేదేముంది. రెండు నల్లమచ్చలు కళ్ళు, ఒక గీత నోరు. అయినా ముక్కు, దవడ, చెవులు ఎక్కడున్నాయో తెలుస్తోంది.

"ఇది పెట్టుకో. మిగతాది నే చెప్తా, నువ్వు గియ్యి" అంది. అడగడం కాదు, కళ్ళంలో కూలోళ్ళకి పని చెప్పినట్టు చెప్పింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా తాలు ఏరే మనిషి. రంగు చూసే కన్ను ఆవిడది. నాది చదువు మాత్రమే.

మరుసటి ఆదివారం వచ్చేసరికి మొహం గీసి పెట్టాను. తెల్లగా చెయ్యడం వచ్చినదాన్ని, నల్లగా చెయ్యడం ఎంతసేపు అనుకున్నాను. మామూలు చర్మం రంగు వేసి, పైన నల్ల లేయరు ఒకటి పలచగా పరిచాను. ఆవిడ ఒక్క క్షణం చూసింది.

"బొగ్గుల బస్తాలో దొర్లించి తీశావా?"

"నలుపేగా మామ్మా ఆయన?"

"నలుపంటే మసనుకున్నావా అమ్మాయ్? నువ్వు నల్లదానివే. నీ చెయ్యి చూసుకో. మసేనా?"

నేను నిజంగానే నా చెయ్యి చూసుకున్నాను. ముప్ఫై రెండేళ్ళు వచ్చాయి, రోజుకి పదిమంది మొహాలు చెక్కుతున్నాను, నా చెయ్యి ఏ రంగో నాకు తెలియదు. దాన్ని దాచడమే తెలుసు. పరిచిన నల్ల పొరని తగ్గించాను. మొహం బూడిద రంగుకి తిరిగింది. ఇంకాస్త తగ్గించాను, జ్వరం వచ్చి లేచినవాడిలా అయ్యాడు. ఆవిడ "నేను పోయొస్తా, కాయలున్నయ్" అని లేచిపోయింది.

రెండో ఆదివారం కొంగులో మూడు మిరపకాయలు తెచ్చింది. టేబుల్ మీద వరసగా పెట్టింది. ఒకటి ఈ కోత కాయ, నిప్పులా ఉంది. రెండోది ఏసీ కాయ, బాగా ముదిరి నల్లెరుపుకి తిరిగింది. మూడోది తాలు, పాలిపోయిన తెల్లకాయ.

మూడోదాన్ని ముందు ఎత్తింది. "ఇది నువ్వు చేసిన మా ఆయన." దాన్ని తీసి కిటికీలోంచి బయటికి విసిరేసింది. "ఊరంతా తాలుకాయలే చేశావు నువ్వు. ఏరి పారేసేదాన్ని ఏరి గోడకి తగిలిస్తన్నారు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

తర్వాత ఏసీ కాయని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టింది. "చూడు. పైన నలుపు. లోపల ఎరుపు మండతానే ఉంటది. ఆ ఎరుపు లేకపోతే ఇది నల్లకాయ కాదు, కుళ్ళిన కాయ. మా ఆయన రంగు ఇదని కాదు. లోపల ఇట్టా ఉండేదంటన్నా."

నాకు అప్పుడు అర్థమైంది. నేను నలుపుని పై నుంచి పూస్తున్నాను. అది లోపలి నుంచి రావాలి. అన్నీ చెరిపి అడుగున ఎర్రటి పొర పరిచాను. దాని మీద ముదురు గోధుమ, అక్కడక్కడా పలచగా, కింద ఎరుపు తొంగి చూసేలాగా. చెవుల అంచుల దగ్గర, ముక్కు చివర ఎరుపుని వదిలేశాను. ఇక వెలుగు పడే చోట ఏం వెయ్యాలి? అలవాటుగా తెలుపు వేశాను. సున్నం చుక్కలు పెట్టినట్టు వచ్చింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఎండలో పనిచేసే మనిషికి చెమట పడితే నుదురు తెల్లగా మెరవదమ్మాయ్. పైనున్న ఆకాశం దాంట్లో పడతది" అంది. లేత నీలం పెట్టాను. ఆ నలుపు ఒక్కసారిగా బతికింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆ ఉత్సాహంలో ఆవిడ నా చేతిలో పెన్ను లాక్కుని, "ఈడ, ఈ దవడ కాడ" అంటూ తెర మీద పొడిచి చూపించింది. మళ్ళీ పెన్ను నా చేతికిచ్చింది. నేను అదే చేత్తో కళ్ళు నులుముకున్నాను. అమ్మో! తాలు ఏరిన చేతులు పట్టుకున్న పెన్ను అది. అరగంట సేపు కుళాయి కింద మొహం పెట్టుకుని ఏడ్చాను. మా అత్తగారు వచ్చి, "బీటెక్ చదివి ఇదొకటి" అంది. ముసలావిడ మాత్రం "మా కళ్ళకి రోజూ ఇంతే" అని ఊరుకుంది.

మూడో ఆదివారం ఆవిడ తెర ముందు కూర్చుని చాలాసేపు చూసింది. నేను శబాష్ అంటుందేమోనని చూస్తున్నాను.

"రంగు వచ్చింది. ఆయన రాలా" అంది.

ఇంక నాకు ఓపిక పోయింది. "ఆయన రావాలంటే నేనేం చెయ్యను మామ్మా, నేను బొమ్మలు గీస్తాను, ప్రాణం పొయ్యను. మూడు వారాలైంది. ఇంకేం తక్కువైంది ఆయనకి?" అని అరిచాను. ఆవిడ కూడా ఊరుకోలేదు. "ఏమో నాకేం తెలుసే, ఎప్పుడన్నా సరిగ్గా చూడనిచ్చాడా? చేలో ఉన్నా ఇంట్లో ఉన్నా తలగుడ్డ తీసేవాడు కాదు. అన్నం కాడ మాత్రం తీసేవాడు. తీస్తే ఆ నుదురు ఎవరిదో తెచ్చి పెట్టినట్టుండేది, పైన పసుపుపచ్చగా, కింద నల్లగా. గీత గీసినట్టు. నేను నవ్వేదాన్ని, పైన దొరగారు, కింద పాలేరు అని..."

మాట మధ్యలోనే నేను పెన్ను అందుకున్నాను.

మొహమంతా ఒకే టోన్‌లో లాగేశాను నేను. ఎండ ఒక మనిషి మొహం మీద ముప్ఫై, నలభై ఏళ్ళు ఒక పని చేస్తుంది. తలగుడ్డ దాన్ని అడ్డుకుంటుంది. ఆ రెండూ కలిసి గీసిన గీతే ఆయన. నేను నా చదువంతా పెట్టి దాన్నే వదిలేశాను. నుదుటి మీద అడ్డంగా ఒక లేయరు వేసి పై భాగాన్ని రెండు పాళ్ళు తేలిక చేశాను. కనుబొమలకి వేలెడు పైన గీత. కింద బుగ్గలు ముదురు చేశాను. "అన్నం తినేటప్పుడు ఎటు తిరిగి కూర్చునేవాడు?" అని అడిగాను. "వాకిలికేసి. ఎడం పక్క నించి ఎలుతురు పడేది" అంది. ఎడమ నుంచి వెలుతురు వేశాను. కుడి బుగ్గ నీడలోకి వెళ్ళింది. మెడ కింద ఏం తొడగమంటావని అడిగాను. చేతుల బనీను అంది. ఎడమ భుజం మీద చిరుగుండేదంది. చిరుగు గియ్యబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దులే. కుట్టాగా."

కుట్టు గీశాను, నాలుగు అడ్డపోగులు. చేతులు తీసి వెనక్కి జరిగాను.

ఆవిడ ముందుకు వంగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసింది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. నన్ను కాదు, తెరని.

"ఎక్కడికి పోయావయ్యా ఇన్నాళ్ళు? ఆఁ? ఆ కోటోణ్ణి నా మీదికి తోలి నువ్వు ఎక్కడికి పోయావు? దండలన్నీ వాడికి వేయించావు. నీకు బుద్ధుందా?"

ఈసారి మిరపకాయ మీదికి నెట్టలేను. ఏడ్చాను. కుళాయి దాకా పోలేదు, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఫ్రేము కట్టించి ఇచ్చిన మర్నాడు కొడుకు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడే, "మేడమ్ మేడమ్" అంటూనే కడిగేశాడు. "ఏంటి మేడమ్ ఇది, మా నాన్నని కూలోణ్ణి చేశారు. షాపు వాళ్ళు, కంపెనీ వాళ్ళు వస్తుంటారు ఇంటికి. బనీన్లో పెట్టి, దానికో కుట్టు పెట్టి... హాల్లో ఎట్టా పెట్టమంటారు దీన్ని?" అన్నాడు. "పెట్టకండి" అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను. ఫోన్ పెట్టేశాక అన్నీ గుర్తొచ్చాయి, మంచి మంచి మాటలు.

ఆ రోజుతో పెళ్ళికళని చెరిపేశానని రాస్తే బాగుంటుంది. చెరపలేదు. నిన్న కూడా ఒక పెళ్ళికూతురికి పూశాను, వాళ్ళమ్మ పక్కన నిలబడి "ఇంకాస్త, ఇంకాస్త" అంటుంటే. ఊరికి బుద్ధి చెప్పడానికి నేనెవర్ని? కాకపోతే ఇప్పుడు పొరలు కలపడం మానేశాను. ప్రతి ఫైల్లోనూ అడుగున అసలు మొహం అలాగే ఉంటుంది. రేపు ఏ ముసలావిడైనా తువ్వాల్లో ఫ్రేము చుట్టుకొస్తే ఎత్తి చూపించడానికి. నా నమూనా బొమ్మ మాత్రం గోడ మీంచి దించేశాను. ఆ చోట్లో ఇప్పుడు మేకు ఒక్కటే ఉంది. కొత్తది గీద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. నా రంగు నాకింకా అందడం లేదు.

మొన్న వాళ్ళ వీధిలో పనుండి వెళ్ళినప్పుడు ఆవిడ ఇంట్లోకి తొంగి చూశాను. హాలు నిండా తెల్ల టైల్సు. ఎదురుగా గోడ మీద నా కోటాయనే, చుట్టూ ఎర్రవీ పచ్చవీ చిన్న బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. మూడు వారాలూ గంగలో కలిశాయనుకున్నాను.

"మామ్మా" అని పిలిచాను. "ఇటు రా, ఎనక్కి" అని పెరట్లోంచి కేక వచ్చింది.

పెరటి వసారాలో పట్టా మీద మిరపకాయల కుప్ప. ఆవిడ దాని ముందు కూర్చుని తాలు ఏరుతోంది. ఎదురుగా గోడ మీద ఆయన. మేకు ఎంత కిందికి కొట్టించుకుందంటే, నేను చూడ్డానికి వంగాల్సి వచ్చింది. కూర్చుంటే మాత్రం సరిగ్గా కళ్ళకి ఎదురుగా ఉంటాడు. ఎడమ పక్క నుంచి పెరటి వెలుతురు ఆయన మీద పడుతోంది. దండ లేదు.

నాకు కోపమాగలేదు. "ఇదేంటి మామ్మా, మనం అంత కష్టపడింది ఇందుకా? ఆ కోటాయన హాల్లో దర్జాగా కూర్చుంటే మీ ఆయన్ని తెచ్చి పెరట్లో పెడతారా? మీ అబ్బాయిని నేనడుగుతా ఉండు" అన్నాను.

ఆవిడ తల ఎత్తకుండా ఒక తాలుకాయ ఏరి అవతలి కుప్పలోకి విసిరింది.

"వాణ్ణేం అడగమాక. నేనే ఈడ పెట్టమన్నా. బతికున్నప్పుడు మాత్రం ఆయన్ని హాల్లో ఎవురు కూర్చోనిచ్చారమ్మాయ్?"

తర్వాత కాస్త పక్కకి జరిగి, నాకు పట్టా మీద చోటిచ్చింది. నేనూ కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టాను.